పడవలే సభ్యులైన సంఘం: డంకర్క్ చిన్న పడవల కథ

సంఘం అనగానే మనకు మనుషులు గుర్తుకు వస్తారు. సభ్యత్వ రుసుము, వార్షిక సర్వసభ్య సమావేశం, సంతాప తీర్మానాలు, సన్మానాలు, ఆ తరువాత టీ, బిస్కట్లు. సభ్యుడు కాలం చేస్తే జాబితాలో ఆయన పేరు కొట్టివేయక తప్పదు. కాని ఇంగ్లండులో ఒక సంఘం ఉంది. అందులో చేరడానికి అర్హత మనిషికి కాదు, పడవకు. 1940 మే, జూన్ నెలల్లో ఆ పడవ ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ రేవుకు వెళ్ళి ఉండాలి. యజమాని ఎవరైనా కావచ్చు, ఎన్నిసార్లయినా మారవచ్చు. పడవ ఉన్నంత కాలం సభ్యత్వం ఉంటుంది. ఆ పడవను కొన్నవారు దానితోపాటు ఒక బాధ్యతను కూడా కొనుక్కున్నట్లే లెక్క.

దాని పేరు డంకర్క్ చిన్న పడవల సంఘం. 1966లో ఏర్పడింది. ఈ సంఘం పడవలు ఏటా థేమ్స్ నదిలోనో దక్షిణ ఇంగ్లండు తీరంలోనో ఎక్కడో ఒకచోట కలుసుకుంటాయి. అయిదేళ్ళకు ఒకసారి మాత్రం అన్నీ కలిసి సముద్రం దాటి డంకర్క్ వెళ్ళి వస్తాయి. ఆ ప్రయాణం వెనుక ఉన్న చరిత్రనూ, అందులో పాల్గొనేవారి సంగతులనూ ఈ ప్రత్యేక సంచిక ద్వారా మన సభ్యులతోనూ వారి కుటుంబాలతోనూ పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. అది పరాయి దేశపు కథే. అయినా చదివాక మన సంఘం సంగతి కూడా తప్పక గుర్తుకు వస్తుంది.

1940 మే నెల

రెండవ ప్రపంచ యుద్ధం 1939 సెప్టెంబరులో మొదలైన సంగతి విదితమే. 1940 మే 10వ తేదీన జర్మన్ సేనలు హాలండ్, బెల్జియం, ఫ్రాన్స్‌లపై విరుచుకుపడ్డాయి. అదే రోజున చర్చిల్ బ్రిటిష్ ప్రధాని అయ్యారు. పది, పదిహేను రోజులు తిరిగేసరికి బ్రిటిష్ సైన్యమూ, ఫ్రెంచి సైన్యంలో ఒక పెద్ద భాగమూ ఉత్తర ఫ్రాన్స్‌లో చుట్టివేతలో చిక్కుకున్నాయి. మూడు వైపులా శత్రువు, నాలుగో వైపు సముద్రం. ఇంకా చేతిలో మిగిలిన రేవు డంకర్క్ ఒక్కటే.

మే 24న జర్మన్ ట్యాంకులను కొద్దిగా నిలిపివేయమని హిట్లర్ ఆదేశించడం వల్ల రెండు, మూడు రోజుల వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలోనే సైన్యాన్ని సముద్రం మీదుగా వెనక్కు తీసుకురావాలని నిర్ణయించారు. ఆ బాధ్యత అడ్మిరల్ బెర్ట్రమ్ రామ్సే మీద పడింది. డోవర్ కోట కింద సొరంగాల్లో కూర్చుని ఆయన ఈ పనిని నడిపించారు. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ డైనమో. మే 26 సాయంత్రం మొదలైంది. రెండు రోజుల్లో 45 వేల మందిని దాటించగలిగితే గొప్పే అని మొదట్లో అంచనా. మే 27న దాటించగలిగింది 7,669 మందిని మాత్రమే.

కారణం ఏమిటంటే డంకర్క్ తీరం బాగా మెరక. సముద్రంలోకి చాలా దూరం నడిచినా నీరు ఛాతీ దాటదు. పెద్ద యుద్ధ నౌక ఒడ్డుకు మైలు దూరంలోనే ఆగిపోవాలి. రేవు మీద బాంబులు కురుస్తున్నాయి. మిగిలింది రేవుకు తూర్పున కిలోమీటరు పైచిలుకు పొడవున్న అలకట్ట. దాని మీద చెక్కల నడవా తప్ప వేరే ఏమీ లేదు. ఓడలు వచ్చి ఆగడానికి కట్టినది కాదు. అయినా గత్యంతరం లేక దానినే ప్లాట్‌ఫారంగా వాడారు. ఇసుక మీద బారులు తీరి నిలబడిన వేలాది మందిని మైలు దూరంలో ఉన్న ఓడల దగ్గరకు చేర్చాలంటే మాత్రం లోతు తక్కువ నీటిలో తిరగగల చిన్న పడవలు కావాలి.

పడవల సేకరణ

ఇక్కడ ఒక చిత్రమైన విషయం చెప్పుకోవాలి. డంకర్క్ సంగతి ఎవరూ ఊహించక ముందే, మే 14వ తేదీన, బి.బి.సి. రేడియోలో నౌకాదళం తరఫున ఒక ప్రకటన వెలువడింది. ఇంజనుతో నడిచే, 30 నుంచి 100 అడుగుల పొడవున్న విహార పడవల యజమానులు తమ పడవ వివరాలను 14 రోజుల్లోగా పంపాలని దాని సారాంశం. అది రేవుల్లో మామూలు పనులకు పడవలు కావలసి అడిగిన వివరం. ఒక గుమాస్తా బల్ల మీద ఫైలుగా తయారైన ఆ జాబితా రెండు వారాలు తిరగకుండానే లక్షల ప్రాణాల లెక్కలోకి వచ్చింది. కార్యాలయాల్లో జీవితమంతా గడిపిన మనకు ఈ సంగతి ఎంతో తృప్తినిస్తుంది. చక్కగా రాసిపెట్టిన జాబితా విలువ అవసరం వచ్చిన రోజున గాని తెలియదు.

థేమ్స్ నది ఒడ్డున టెడింగ్టన్‌లో టఫ్ బ్రదర్స్ అనే పడవల కార్ఖానా ఉండేది. దాని యజమాని డగ్లస్ టఫ్ నది పొడవునా తిరిగి వందకు పైగా పడవలను పోగుచేశారు. అవి ఎలాంటి పడవలు? మనం రాజమండ్రి నుంచి పాపికొండలు చూడటానికి ఎక్కే లాంచీల వంటివి కొన్ని. ఆదివారాల్లో కుటుంబంతో షికారుకు వెళ్ళే సొంత మోటారు పడవలు కొన్ని. చేపల పడవలు, రేవుల్లో ఓడలను లాగే టగ్గులు, ప్రాణరక్షక పడవలు, లండన్ అగ్నిమాపక శాఖ వారి మాసీ షా అనే మంటలార్పే పడవ కూడా ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నది టామ్‌జిన్ అనే చేపల పడవ. పొడవు 15 అడుగులకు కాస్త తక్కువ. దానిని ఇప్పటికీ లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో భద్రపరిచి ఉంచారు.

వీటిలో చాలా పడవలు నది నీటి కోసం కట్టినవి. సముద్రపు ముఖం చూడనివి. వీటిని నడిపినవారిలో ఎక్కువమంది నౌకాదళం వారే అయినా, తమ పడవను తామే తీసుకువెళతామని పట్టుబట్టిన యజమానులూ, జాలర్లూ, సరంగులూ కూడా ఉన్నారు. అలా వచ్చినవారి చేత టి-124 అనే ఫారం మీద సంతకం పెట్టించుకుని, నెల రోజులపాటు నౌకాదళ స్వచ్ఛంద సేవకులుగా చేర్చుకున్నారు. అంత హడావుడిలోనూ ఫారం లేకుండా పని జరగలేదన్నమాట!

అరవై ఆరేళ్ళ సరంగు

ఆ యజమానులలో ఒకరిని గురించి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన పేరు చార్లెస్ లైటోలర్. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో సెకండ్ ఆఫీసర్. ఆ ప్రమాదంలో బతికి బయటపడిన అధికారుల్లో అందరికన్నా పెద్ద హోదా ఆయనదే. 1940 నాటికి ఆయన వయసు 66 ఏళ్ళు. ఎప్పుడో పదవీ విరమణ చేసి, సన్‌డౌనర్ అనే 58 అడుగుల మోటారు పడవతో కాలక్షేపం చేస్తున్నారు.

మే 31న నౌకాదళం వారు ఫోను చేసి పడవ కావాలన్నారు. పడవ ఇస్తాను గాని నడిపేది నేనే అన్నారాయన. జూన్ 1వ తేదీ ఉదయం పెద్ద కొడుకు రోజర్‌ను, జెరాల్డ్ ఆష్‌క్రాఫ్ట్ అనే సీ స్కౌట్ కుర్రవాడిని వెంటబెట్టుకుని రామ్స్‌గేట్ రేవు నుంచి బయలుదేరారు. దారిలో తగలబడుతున్న మరొక మోటారు పడవ నుంచి అందులోని వారిని ఎక్కించుకున్నారు. అంతకుముందు ఎన్నడూ ఇరవై ఒక్కరికి మించి ఎక్కని ఆ పడవలో డంకర్క్ నుంచి తిరుగు ప్రయాణంలో సుమారు 130 మంది ఉన్నారు. స్నానాల గదిలో కూడా మనుషులను కుక్కారట.

తిరుగుదారిలో శత్రు విమానాలు వెంటపడ్డాయి. విమానం బాంబు వేయడానికో తుపాకీ పేల్చడానికో సిద్ధమైన క్షణం దాకా ఆగి, అప్పుడు చుక్కాని ఒక్కసారిగా తిప్పివేసి ఆయన తప్పించుకున్నారు. ఈ మెలకువ ఆయనకు ఎక్కడిదంటే చిన్న కొడుకు బ్రయన్ చెప్పినది. బ్రయన్ బాంబరు విమాన చోదకుడు. విమానాలు ఎలా దాడి చేస్తాయో ఇంటికి వచ్చినప్పుడు తండ్రికి వివరించి చెప్పేవాడు. యుద్ధం మొదలైన మరునాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మనీ మీద దాడికి వెళ్ళి తిరిగి రాలేదు. కొడుకు లేకపోయినా కొడుకు చెప్పిన మాట 130 మందిని ఒడ్డు చేర్చింది. మరో కొడుకు ట్రెవర్ కూడా డంకర్క్‌లో చిక్కుకున్నాడనే బెంగతో ఆయన వెళ్ళారు. తీరా చూస్తే అతను రెండు రోజుల ముందే వేరే ఓడలో ఇంగ్లండు చేరుకున్నాడని తరువాత తెలిసింది.

లెక్కలు చెప్పే నిజం

జూన్ 4వ తేదీతో ఆపరేషన్ ముగిసింది. మొత్తం దాటించిన వారు 3,38,226 మంది. వారిలో లక్షా ఇరవై వేలకు పైగా ఫ్రెంచివారు. మే 31వ తేదీ ఒక్క రోజునే 68,014 మందిని దాటించారు. పెద్దవీ చిన్నవీ కలిపి ఎనిమిది వందలకు పైగా ఓడలు, పడవలు పాల్గొనగా రెండు వందలకు పైగా మునిగిపోయాయి.

చిన్న పడవలే సైన్యాన్నంతా కాపాడాయని ఒక ప్రచారం ఉంది. అది పూర్తిగా నిజం కాదు. సుమారు 2,39,000 మంది రేవు నుంచి, ఆ అలకట్ట మీది నుంచి పెద్ద ఓడలు ఎక్కారు. ఇసుక తిన్నెల నుంచి వచ్చినవారు దాదాపు 99 వేల మంది. వారిని కూడా చిన్న పడవలు ఎక్కువగా చేసింది ఒడ్డు నుంచి లోతు నీటిలోని ఓడల దగ్గరకు చేర్చడమే. పడవల సంఘం వారు కూడా ఇంతకు మించి గొప్పలు చెప్పుకోరు. కాని ఆ 99 వేల మంది ఇళ్ళలో ఆ చిన్న పడవ పేరు ఎలా తలుచుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

ఇది విజయం కాదని, తరలింపులతో యుద్ధాలు గెలవలేమని చర్చిల్ జూన్ 4నే పార్లమెంటులో హెచ్చరించారు. ఇతరులు దాటేవరకు కాచి నిలబడిన ఫ్రెంచి సైనికులలో 35 వేలకు పైగా మంది చివరకు బందీలయ్యారు. వారి త్యాగాన్ని మరచిపోతే ఈ కథ సగమే అవుతుంది.

మన సిపాయిలు

ఆ తీరం మీద భారతీయులూ ఉన్నారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1939 డిసెంబరులో రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌కు చెందిన నాలుగు కంచరగాడిదల కంపెనీలు ఫ్రాన్స్‌లో దిగాయి. ఈ దళానికి కె-6 అని పేరు. ఎక్కువమంది పంజాబు ప్రాంతపు ముస్లిములు. బురదలోనూ మంచులోనూ లారీలు కదలని చోట సరుకు మోయడం వారి పని. నాలుగింటిలో ఒక కంపెనీ జర్మన్లకు పట్టుబడింది. డంకర్క్ చేరినవారికి జంతువులను అక్కడే వదిలివేయమని ఉత్తర్వు వచ్చింది. కన్నబిడ్డల్లా సాకిన జంతువులను వదిలి, మేజర్ అక్బర్ ఖాన్ వంటి అధికారుల వెంట వారు క్రమశిక్షణతో అలకట్ట మీదుగా నడిచి ఓడ ఎక్కారు.

ఆ తరువాత వారు మరికొన్నేళ్ళు బ్రిటన్‌లోనే ఉండిపోయారు. అక్కడ చనిపోయిన కొందరి సమాధులు స్కాట్లాండులోని కింగుస్సీ అనే చిన్న ఊరిలో ఉన్నాయి. ఆ ఊరి మహిళ ఒకరు దశాబ్దాల తరబడి ఆ సమాధుల బాగోగులు చూస్తూ వచ్చారు. ఆమెకూ వారికీ ఏ చుట్టరికమూ లేదు. జ్ఞాపకం దానంతట అది నిలవదు, ఎవరో ఒకరు పూనుకోవాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

సంఘం ఎలా పుట్టింది?

యుద్ధం ముగిసింది. మిగిలిన పడవలు యజమానుల దగ్గరకు చేరాయి. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని పేర్లు మారాయి, కొన్ని నది ఒడ్డున బురదలో కూరుకుపోయి ఇళ్ళుగా మారాయి. కొన్నిటి యజమానులకు తమ పడవ డంకర్క్ వెళ్ళిందన్న సంగతే తెలియదు.

అలాంటివారిలో రేమండ్ బాక్స్టర్ ఒకరు. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపి, తరువాత బి.బి.సి.లో వ్యాఖ్యాతగా ప్రసిద్ధికెక్కిన వ్యక్తి. 1965 నుంచి చాలా ఏళ్ళు వచ్చిన టుమారోస్ వరల్డ్ అనే విజ్ఞాన కార్యక్రమానికి ఆయన ముఖ్య వ్యాఖ్యాత. 1960ల మొదట్లో లోరాజ్ అనే పాత మోటారు పడవ కొన్నారు. అది డంకర్క్ వెళ్ళి వచ్చిందని తరువాత తెలుసుకున్నారు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అన్న కుతూహలం కలిగింది. 1964లో సండే టైమ్స్ పత్రిక ద్వారా ఈ సంగతి నలుగురికీ తెలిసింది. మరుసటి ఏడాది డంకర్క్ ఘటనకు పాతికేళ్ళు నిండుతాయి. ఒకరిని చూసి ఒకరు ముందుకు వచ్చి, 1965లో 43 పడవలు రామ్స్‌గేట్ రేవులో చేరి, కలిసికట్టుగా డంకర్క్ వెళ్ళి వచ్చాయి.

ఇంత శ్రమపడి కలుసుకున్నవారు మళ్ళీ విడిపోకూడదని ఆ ప్రయాణంలో పాల్గొన్నవారికి తోచింది. అదే 1966లో సంఘం కావడానికి కారణం. సభ్య పడవలకు ఒక జెండా గౌరవం కూడా దక్కింది. తెల్ల గుడ్డ మీద ఎర్రటి సెయింట్ జార్జి శిలువ, దాని మధ్య డంకర్క్ నగర చిహ్నం. పడవలు గుంపుగా వెళ్ళేటప్పుడు ముందు భాగాన ఉత్త సెయింట్ జార్జి శిలువ జెండాను ఎగరవేసే అనుమతి కూడా వారికి ఉంది. అది మామూలుగా నౌకాదళంలో అడ్మిరల్ స్థాయి వారికి చెందిన జెండా. 20 అడుగుల షికారు పడవ కూడా ఆ రోజున అడ్మిరల్ ఓడతో సమానమన్నమాట.

ప్రయాణం

రామ్స్‌గేట్ నుంచి డంకర్క్ డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఈనాటి వేగపు పడవకు అది లెక్కలోది కాదు. కాని ఈ యాత్రలో ఎవరి వేగం వారిది కాదు, అందరిలోకి నెమ్మదిగా వెళ్ళే పడవ వేగమే అందరి వేగం. గంటకు పన్నెండు కిలోమీటర్లనుకుంటే ఆరు గంటల ప్రయాణం. పైగా డోవర్ జలసంధి ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి. మన రోడ్ల మీద డివైడరు ఉన్నట్లు అక్కడ 1967 నుంచి రాకకు ఒక దారి, పోకకు ఒక దారి ఏర్పాటు చేశారు. చిన్న పడవలు ఆ దారులను అడ్డంగా, సూటిగా దాటాలి. అందుకే నౌకాదళపు నౌక, ప్రాణరక్షక పడవలు తోడుగా వెళతాయి. గాలి ఎక్కువగా ఉంటే బయలుదేరడం వాయిదా పడుతుంది. ఎనభై, తొంభై ఏళ్ళ పడవలు కాబట్టి సముద్రానికి తట్టుకోగలవని నమ్మకం కుదిరితేనే బయలుదేరాలి.

సముద్రం మధ్యలో మృతుల స్మృత్యర్థం పుష్పగుచ్ఛాలు నీటిలో విడుస్తారు. ఆనాటి రకపు యుద్ధ విమానం తలల మీదుగా ఎగిరి వెళుతుంది. డంకర్క్ చేరాక ఊరి జనం రేవుకు వచ్చి ఆహ్వానిస్తారు. ఇసుక తిన్నెల దగ్గరి స్మారకం వద్ద, సైనిక శ్మశానం వద్ద శ్రద్ధాంజలి ఘటిస్తారు. ఆ శ్మశానం ముందున్న స్మారకాన్ని ఎలిజబెత్ రాణి తల్లి 1957 జూన్ 29న ఆవిష్కరించారు. ఎక్కడ పడిపోయారో కూడా తెలియని 4,500 మందికి పైగా సైనికుల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి.

1965 తరువాత అయిదేళ్ళకొకసారి ఈ ప్రయాణం జరుగుతూ వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల సాగలేదు. 2025 మే 21న, 85వ వార్షికోత్సవం సందర్భంగా, అరవైకి పైగా పడవలు రామ్స్‌గేట్ నుంచి మళ్ళీ బయలుదేరాయి. 1965లో 43, అరవై ఏళ్ళ తరువాత అరవై! పాతబడుతున్న కొద్దీ తగ్గవలసిన సంఖ్య పెరిగిందంటే బురదలో నుంచి, పాత షెడ్లలో నుంచి ఎన్నిటిని వెలికితీసి బాగుచేశారో అర్థం చేసుకోవచ్చు.

వచ్చేవారు ఎవరు?

మొదటి ప్రయాణాల్లో పడవల మీద కూర్చున్న వారిలో ఆనాటి సైనికులే ఉండేవారు. తమను ఒడ్డు నుంచి లాగి ఎక్కించిన పడవ చెక్కను చేత్తో తడిమి చూసుకునేవారు. సైనికులకు తమదైన సంఘం వేరే ఉండేది. డంకర్క్ వెటరన్ల సంఘం 1953లో ఏర్పడింది. ఏటా డంకర్క్ వెళ్ళి వచ్చేవారు. వయసు మీదపడి, సభ్యులు తగ్గిపోయి, 60వ వార్షికోత్సవం జరుపుకున్న 2000వ సంవత్సరంలో ఆ సంఘాన్ని వారే గౌరవంగా మూసివేశారు. 1940లో 19 ఏళ్ళ కుర్రవాడు 2025కు 104 ఏళ్ళవాడు. ఇక అడిగి తెలుసుకోవడానికి సాక్షులు లేనట్లే.

మనుషుల సంఘం మూతపడింది. పడవల సంఘం మాత్రం సాగుతోంది. ఇప్పుడు వచ్చేవారిలో ఆనాటి సైనికుల మనుమలు, మునిమనుమలు ఉంటారు. ఏ చుట్టరికమూ లేకుండా కేవలం పాత పడవ మీద మోజుతో చేరి, తరువాత దాని చరిత్రకు బందీ అయినవారు ఉంటారు. వడ్రంగులు, ఇంజను మెకానిక్కులు, బడి పంతుళ్ళు, పదవీ విరమణ చేసినవారు. ధనవంతులు కొందరే. పడవ ఖర్చుకు భయపడుతూనే, దాన్ని వదులుకోలేనివారు ఎక్కువ.

ఆ ఖర్చు సామాన్యమైనది కాదు. అవి చెక్క పడవలు. చలికాలంలో నీటి నుంచి బయటకు లాగి, అడుగున పట్టిన నాచు గీకి, పలకల సందుల్లో నూలు కూరి, పుచ్చిన పలక మార్చి, రంగు వేయాలి. ఇలా ముప్పై ఏళ్ళు గడిస్తే పడవలో పాత చెక్క ఎంత, కొత్త చెక్క ఎంత అన్న ప్రశ్న వస్తుంది. ఇంజను ఎప్పుడో మారిపోయి ఉంటుంది. అయినా అది ఆ పడవే. ఏడాదికి కొంత చొప్పున మారుతూ, ఒక్క ఏడాది కూడా అశ్రద్ధ చేయకుండా చూసుకున్నందువల్లనే అది ఆ పడవగా మిగిలింది. వదిలేసి ఉంటే పాత చెక్క కూడా మిగిలేది కాదు.

ఏటా థేమ్స్ నదిలో మాజీ సైనికులను ఈ పడవల్లో ఎక్కించుకుని తిప్పి, కలిసి భోజనం చేసే కార్యక్రమం కూడా సంఘం జరుపుతుంది. డంకర్క్ వారు లేకపోయినా తరువాతి కాలపు సైనికులు వస్తారు. 2012 జూన్ 3న ఎలిజబెత్ రాణి వజ్రోత్సవానికి థేమ్స్‌లో సాగిన పడవల ఊరేగింపులో ఈ చిన్న పడవలు తమ జెండాలతో ప్రత్యేకంగా పాల్గొన్నాయి. 2017లో వచ్చిన డంకర్క్ అనే సినిమాలో కూడా ఆనాటి అసలు పడవలు కొన్ని కనిపించాయి.

మనకేమిటి?

ఈ వ్యాసం చదివిన మిత్రులు కొందరు అడగవచ్చు: యుద్ధాలు, సముద్రాలు, మనకెందుకండీ అని. నిజమే. మనం సైనికులం కాము. మన ఉద్యోగాల్లో బాంబులు పడలేదు. ఫైళ్ళు కదిలాయి, జీతాల బిల్లులు వెళ్ళాయి, వరదలు వచ్చినప్పుడు రాత్రిళ్ళు కూర్చున్నాం. మన గురించి పుష్పగుచ్ఛాలు ఎవరూ సముద్రంలో విడవరు. కాని ఒక్క విషయంలో వారి సమస్యా మన సమస్యా ఒకటే. ప్రతి ఏటా సర్వసభ్య సమావేశానికి ఖాళీ కుర్చీలు పెరుగుతున్నాయి. మొదటి రెండు వరుసల్లో కూర్చునేవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వారితోపాటు ఒక శాఖ ఎలా నడిచిందో, ఒక రూలు ఎందుకు వచ్చిందో, ఒక బదిలీ వెనుక ఏం జరిగిందో చెప్పగలిగినవారు కూడా వెళ్ళిపోతున్నారు.

డంకర్క్ వెటరన్ల సంఘం చేసినట్లు గౌరవంగా తలుపు మూసుకోవడం తప్పు కాదు. అది వారి హక్కు. కాని వారి తరువాత కూడా వారి కథ చెప్పడానికి పడవలు ఉన్నాయి. పడవలను నడిపే, వారికి ఏ సంబంధమూ లేని మనుషులు ఉన్నారు. మనకు పడవలు లేవు. మన ఇళ్ళలో అటక మీద ట్రంకు పెట్టెలున్నాయి. అందులో నియామక ఉత్తర్వు, పాత గ్రూపు ఫోటో, సర్వీసు రిజిస్టరు నకలు, ఎవరో పై అధికారి ఇచ్చిన ప్రశంసా పత్రం ఉంటాయి. ఆ గ్రూపు ఫోటో వెనుక ఎవరెవరు ఎక్కడ నిలుచున్నారో పేర్లు రాసిపెట్టడానికి ఒక సాయంత్రం చాలు. అది చేయగలిగినవారు ఉన్నప్పుడే చేయాలి. మే 14నాటి ఆ జాబితా లాగా, అది ఎప్పుడు ఎవరికి పనికివస్తుందో మనకు తెలియదు.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. ఈసారి సర్వసభ్య సమావేశానికి మీ నాన్నగారినో తాతగారినో ఆటోలో దింపి వెళ్ళిపోకుండా, మీరు కూడా లోపలికి వచ్చి కాసేపు కూర్చోండి. ఆయన పక్కన కూర్చున్న పెద్దాయనను, మీరిద్దరూ కలిసి ఏ ఆఫీసులో పనిచేశారండీ అని ఒక్క మాట అడగండి. మిగతాది వారే చెబుతారు. లైటోలర్‌కు కొడుకు చెప్పిన మాట ఉపయోగపడింది. మన ఇళ్ళలో తండ్రి చెప్పే మాట కోసం ఒక చెవి ఖాళీగా ఉంటే చాలు.

సెలవు.